ఎన్నికల అభ్యర్థికి వికీపీడియాలో పేజీ ఎప్పుడు వస్తుంది? ఓడినవాళ్లకు ఎందుకు రాదు?

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో కామారెడ్డి మీద రాష్ట్రమంతా కన్నేసింది. ఒకపక్క అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు. ఇంకోపక్క అప్పటి మల్కాజిగిరి ఎంపీ, పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి. మూడో మనిషి బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకట రమణారెడ్డి. డిసెంబర్ 3న ఓట్లు లెక్కపెడితే ఆ మూడో మనిషే గెలిచారు.

ఇంగ్లిష్ వికీపీడియా రూల్ పెట్టి చూస్తే ఇందులో ఒక తిరకాసు ఉంది. మొదటి ఇద్దరికీ పదవుల వల్లనే పేజీకి అర్హత ఎప్పటి నుంచో ఉంది. మూడో వ్యక్తికి ఎమ్మెల్యే హోదాతో ఆ అర్హత వచ్చింది డిసెంబర్ 3నే. కామారెడ్డి ఓటరు ఓటేసింది మాత్రం నవంబర్ 30న. అంటే ఓటరుకు సమాచారం కావాల్సిన టైంలో రూల్ ఒకరికి వర్తించలేదు. వర్తించే నాటికి ఓటుతో పని అయిపోయింది.

ఇది ఒక్క కామారెడ్డి ముచ్చట కాదు. ఎవరైనా అభ్యర్థి పేరు గూగుల్‌లో కొడితే చాలాసార్లు మొదట కనబడేది వికీపీడియానే. పక్కన వచ్చే డబ్బాలో వివరాలు కూడా చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. అందుకే "మా అభ్యర్థికి పేజీ ఎందుకు లేదు?", "పెట్టిన పేజీ ఎందుకు తీసేశారు?", "ఇది పక్షపాతం కాదా?" అనే ప్రశ్నలు ప్రతి ఎన్నికప్పుడూ వస్తుంటాయి.

రూల్ ఏం చెబుతోంది?

వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. దీన్ని నడిపే వికీమీడియా ఫౌండేషన్ అమెరికాలో ఉంది. అయితే ఏ పేజీ ఉండాలి, ఏది పోవాలి అని రోజువారీగా తేల్చేది ఫౌండేషన్ ఉద్యోగులు కాదు, జీతం లేకుండా రాసే వాలంటీర్లు. వాళ్లు పెట్టుకున్న కొలబద్దను తెలుగు వికీపీడియాలో 'విషయ ప్రాముఖ్యత' అంటారు.

ఇంగ్లిష్ వికీలో రాజకీయ నాయకులకు ఉన్న పద్ధతి క్లుప్తంగా ఇదీ. దేశ స్థాయిలో గానీ రాష్ట్ర స్థాయిలో గానీ పదవి చేసినవాళ్లకు, పార్లమెంటు, అసెంబ్లీ సభ్యులకు ప్రాముఖ్యత ఉన్నట్టే లెక్క. గెలిచి ఇంకా ప్రమాణం చేయకపోయినా సరే. స్థానిక పదవుల్లో ఉన్నవాళ్లకు, గెలవని అభ్యర్థులకు పదవి, పోటీ అనే కారణంతో మాత్రమే పేజీ రాదు. వాళ్లు సాధారణ కొలబద్ద దాటాలి. అంటే వాళ్లతో సంబంధం లేని, నమ్మదగిన పత్రికలు, పుస్తకాలు వాళ్ల గురించి వివరంగా రాసి ఉండాలి. అభ్యర్థుల లిస్టులో పేరు రావడం, సభకు హాజరయ్యారని ఒక లైను రావడం సరిపోదు. పార్టీ వెబ్‌సైటు, సొంత ఫేస్‌బుక్ పేజీ అసలు లెక్కలోకి రావు.

ఇప్పుడు లెక్క చూడండి. 2023లో తెలంగాణలో 119 సీట్లకు 2,290 మంది పోటీ చేశారు. రూల్ ప్రకారం 119 సీట్లలో గెలిచినవాళ్లకు దారి సాఫీ. మిగిలిన రెండు వేల పైచిలుకు మందిలో పాత పదవులో వేరే గుర్తింపో ఉన్న కొందరిని తీసేస్తే, అందరూ పత్రికల కవరేజీ చూపించాల్సిందే. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లలో గెలిచిన కార్పొరేటర్ల పరిస్థితీ ఇంతే. అందులో మజ్లిస్ గెలిచిన 44 డివిజన్లూ ఉన్నాయి. బస్తీలో నీళ్ల పైపు పగిలితే జనం మొదట ఫోన్ చేసేది కార్పొరేటర్‌కే. వికీపీడియా దృష్టిలో మాత్రం ఆ పదవి ఒక్కటే చాలదు.

ఇంత కఠినం ఎందుకు?

వాలంటీర్ల వాదన కూడా వినాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కలిపి 8,360 మంది బరిలో ఉన్నారు. అందరికీ పేజీ ఇస్తే అందులో ఎక్కువ భాగం రాసేది వాళ్ల అనుచరులే. పేజీ కాస్తా కరపత్రం అయిపోతుంది. మంచి రాస్తే ప్రచారం, చెడు రాస్తే ప్రత్యర్థి పని. బయటి ఆధారాలు లేకపోతే ఏది నిజమో చూసుకునే దారి ఉండదు. ఎన్నికలు అయిపోయాక ఆ వేల పేజీలను కనిపెట్టుకుని ఉండేవాళ్లూ దొరకరు.

అందుకని ఓడిన అభ్యర్థి పేరును చాలాసార్లు ఆ ఎన్నికల పేజీకి దారి మళ్లిస్తారు. అక్కడ పార్టీ, ఓట్లు కనిపిస్తాయి. జీవిత చరిత్ర ఉండదు. పేజీ తీసేయాలని ఎవరైనా ప్రతిపాదిస్తే మామూలుగా ఏడు రోజులు చర్చ నడుస్తుంది. అది ఓటింగ్ కాదు. యాభై మంది వచ్చి "ఉంచండి" అన్నా ఆధారం లేకపోతే పని జరగదు. వాట్సాప్ గ్రూపులో లింక్ పెట్టి అందరినీ అక్కడికి తోలితే ఉన్న పరువూ పోతుంది.

అయోవాలో ఏం జరిగింది?

ఈ రూల్ మీద పెద్ద చర్చ లేచింది అమెరికాలో. 2020లో అయోవా రాష్ట్రం నుంచి సెనేట్ సీటుకు డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థి థెరిసా గ్రీన్‌ఫీల్డ్. ఎదురుగా సిట్టింగ్ సెనేటర్, రిపబ్లికన్ జోనీ ఎర్నెస్ట్. ఆ ఏడాది దేశమంతా చూసిన, డబ్బు బాగా ఖర్చయిన పోటీల్లో అదొకటి. గ్రీన్‌ఫీల్డ్ జూన్‌లో పార్టీ ప్రైమరీ గెలిచారు. అయినా తర్వాత నెలల తరబడి ఆమెకు సొంత పేజీ లేదు. ఎర్నెస్ట్‌కు నిండుగా పేజీ ఉంది.

"ఆమెకు ఉన్న గుర్తింపంతా ఈ పోటీ వల్లే, కాబట్టి ఎన్నికల పేజీ చాలు" అని ఒక వర్గం. "దేశంలోని పెద్ద పత్రికలన్నీ రాస్తుంటే ఇంకేం కావాలి?" అని ఇంకో వర్గం. చివరికి పోలింగ్ దగ్గర పడ్డాక అక్టోబర్‌లో పేజీ నిలబడింది. నవంబర్‌లో ఆమె ఓడిపోయారు. పేజీ లేకపోవడం వల్లే ఓడారని ఎవరూ అనలేరు. కానీ ఒక సంగతి బయటపడింది. రూల్ పైకి అందరికీ ఒకటే. పదవిలో ఉన్నవాళ్లకు మాత్రం అది ముందే తలుపు తీసి పెడుతుంది, కొత్తవాళ్లను గుమ్మం దగ్గర ఆధారాలు అడుగుతుంది.

ఓడినా పేజీ ఉండేది ఎవరికి?

మహ్మద్ అజారుద్దీన్ 2023లో జూబ్లీహిల్స్‌లో ఓడిపోయారు. అయినా ఆయన పేజీకి ఏ ఢోకా లేదు. 99 టెస్టులు ఆడిన మాజీ కెప్టెన్, 2009లో మొరాదాబాద్ నుంచి గెలిచిన ఎంపీ. సినిమా, క్రీడలు, సాహిత్యం, ఉద్యమం ఏదైనా కావచ్చు, వేరే రంగంలో పేరుంటే ఓటమి అడ్డు కాదు.

అదే ఎన్నికల్లో కొల్లాపూర్ నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడిన 'బర్రెలక్క' గురించి టీవీలు, పేపర్లు బోలెడంత చూపించాయి. ఇలాంటి చోట ఇంకో ప్రశ్న వస్తుంది. ఒక్క సంఘటనతో పేరొచ్చిన మనిషికి విడిగా పేజీ కావాలా, ఆ సంఘటన పేజీలో రాస్తే చాలదా అని. ఇంగ్లిష్ వికీ మామూలుగా రెండో దారినే ఇష్టపడుతుంది. కవరేజీ కొనసాగితే ఆలోచన మారుతుంది.

పేపర్ రాయకపోతే వికీ కూడా రాయదు

అసలు ఇబ్బంది ఇక్కడుంది. వికీపీడియా ఎవరు గొప్పవాళ్లో తేల్చదు. ఎవరి గురించి ఇప్పటికే ఎవరో రాశారో చూస్తుంది. పత్రికలు ఒక వర్గాన్ని, ఒక బస్తీని, ఆడవాళ్లను పట్టించుకోకపోతే ఆ లోటు యథాతథంగా వికీలోకి దిగుతుంది. ఇంగ్లిష్ వికీలో ఉన్న జీవిత చరిత్రల్లో ఆడవాళ్లవి అయిదో వంతు దగ్గరే. కెనడా శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ గురించి 2018 మే నెలలో ఎవరో చిత్తుప్రతి రాసిస్తే ఆధారాలు చాలవని తిప్పి పంపారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆమెకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. నోబెల్ శాస్త్రవేత్తకే అలా అయితే మున్సిపల్ వార్డులో నిలబడిన టీచరమ్మ సంగతి చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ ముస్లిం నాయకుల విషయంలో ఇంకో రెండు చిక్కులున్నాయి. మొదటిది ఉర్దూ పత్రికలు. ఆధారం ఇంగ్లిష్‌లోనే ఉండాలని, ఆన్‌లైన్‌లోనే ఉండాలని వికీపీడియా రూల్ ఎక్కడా లేదు. ఉర్దూ, తెలుగు పేపర్ల వార్తలు, లైబ్రరీలో ఉన్న పాత సంచికలు కూడా పనికొస్తాయి. కానీ ఉర్దూ పేపర్లు చాలా ఏళ్లు నెట్‌లో బొమ్మల రూపంలోనే వచ్చాయి. బొమ్మలో ఉన్న అక్షరం సెర్చ్‌కు సరిగ్గా దొరకదు. పేజీ తీసేయాలా వద్దా అని చూసే వాలంటీర్ ఇంగ్లిష్‌లో వెతికి, ఏమీ దొరక్క "ఆధారాలు లేవు" అని రాసేస్తాడు. ఆధారం ఉంటుంది, చూపించేవాళ్లు ఉండరు.

రెండోది పేర్లు. మహ్మద్, మొహమ్మద్, ఎండీ అని ఒకే మనిషి పేరు మూడు రకాలుగా అచ్చవుతుంది. దానివల్ల ఒకరి కవరేజీ మూడు ముక్కలవుతుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే, ఒకే పేరున్న ఇద్దరిని కలిపేస్తే ఒకరి మీద కేసు ఇంకొకరి పేజీలో పడుతుంది.

ఇటు కవరేజీ ఉన్నంత మాత్రాన అది నిఖార్సైనదని కూడా కాదు. డబ్బులు తీసుకుని వార్తలా వేసే 'పెయిడ్ న్యూస్' గురించి ప్రెస్ కౌన్సిల్‌కు 2010లో పరంజయ్ గుహా ఠాకుర్తా, కె.శ్రీనివాస్ రెడ్డిల సబ్ కమిటీ నివేదిక ఇచ్చింది. భారతీయ పత్రికల్లో యాడ్‌లు వార్తల వేషంలో వస్తాయని, జాగ్రత్తగా చూడాలని ఇంగ్లిష్ వికీ కూడా తన వాలంటీర్లను హెచ్చరిస్తుంది. దాంతో డబ్బున్న అభ్యర్థి కొనుక్కున్న వార్తతో పాటు, లేని అభ్యర్థి మీద వచ్చిన నిజమైన వార్తను కూడా ఒక్కోసారి అనుమానంగా చూస్తారు.

పేజీ ఉంటే న్యాయం జరిగినట్టేనా?

పేజీ వస్తే సంబరపడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ పేజీ అభ్యర్థి సొంతం కాదు. వివాదాలూ అందులోకి వస్తాయి. రాసే తీరుకు 'తటస్థ దృక్కోణం' అనే నియమం ఉంది. పొగడ్త వద్దు, తిట్టు వద్దు, ఒక చిన్న వివాదంతో పేజీ సగం నింపడమూ వద్దు.

బతికున్నవాళ్ల గురించి నియమాలు ఇంకా గట్టివి. 2005లో అమెరికా జర్నలిస్టు జాన్ సీగెన్‌థాలర్‌కు కెనెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందన్నట్టు ఎవరో అబద్ధం రాస్తే అది దాదాపు నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. ఆ గొడవ తర్వాతే కట్టుదిట్టం పెరిగింది. ఆధారం లేని ఆరోపణ కనిపిస్తే చర్చ కోసం ఆగకుండా తీసేయాలి. కోర్టు కాగితాలు, అఫిడవిట్లు నేరుగా చూసి ఆరోపణలు రాయకూడదు. ఆ కేసు గురించి నమ్మదగిన పత్రికలు రాసి ఉండాలి. కేసు ఉండటం వేరు, నేరం రుజువవడం వేరు అన్న తేడా వాక్యంలో కనబడాలి. ధర్నా కేసునూ హత్య కేసునూ ఒకే గాటన కట్టి "ఇన్ని కేసులు" అని రాస్తే అంకె నిజమే అయినా పేజీ న్యాయంగా లేనట్టే.

తెలుగు, ఉర్దూ వికీల మాటేమిటి?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో మొదలయ్యాయి. ప్రతి భాషా తన నియమాలు తానే చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో పోయిన పేజీ తెలుగులోనూ పోవాలని లేదు, ఉండాలనీ లేదు. తెలుగు వికీలో సందేహాలకు 'రచ్చబండ' ఉంది, ప్రతి పేజీకీ ఒక చర్చా పేజీ ఉంది. రాసేవాళ్లు తక్కువ కాబట్టి ఆధారాలతో వచ్చే ఒక్క మనిషి పని కూడా అక్కడ బాగా కనబడుతుంది.

అభ్యర్థి మనుషులు ఏం చేయొచ్చు?

సొంత పేజీ సొంతంగా రాసుకోవడం మంచి పద్ధతి కాదని వికీపీడియా గట్టిగా చెబుతుంది. డబ్బు తీసుకుని రాస్తే ఆ సంగతి బయటపెట్టాలని 2014 నుంచి వాడుక నిబంధనల్లోనే ఉంది. "పక్కాగా పేజీ వేయిస్తాం, ఇంత ఇవ్వండి" అనేవాళ్ల మాట నమ్మితే డబ్బూ పోతుంది, పేజీ కూడా పోవచ్చు. తప్పు కనిపిస్తే తానెవరో చెప్పి, చర్చా పేజీలో ఆధారంతో సవరణ అడగాలి. ఉర్దూ పేపర్ వార్త అయితే పత్రిక పేరు, తేదీ, పేజీ నంబర్, శీర్షికకు అనువాదం ఇస్తే చూసేవాళ్లకు పని సులువవుతుంది.

ఓటరు ఎక్కడ చూడాలి?

పేజీ లేనంత మాత్రాన అభ్యర్థి పనికిరాని మనిషి కాదు. ఉన్నంత మాత్రాన మంచివాడూ కాదు. ఓటుకు కావాల్సిన మొదటి కాగితం వేరే ఉంది, అది ఫారం 26 అఫిడవిట్. అసెంబ్లీకి, లోక్‌సభకు నిలబడే ప్రతి అభ్యర్థీ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అందులో రాసి ఇవ్వాలి. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పులతో ఇది ఓటరు హక్కు అయింది. అబద్ధం రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125ఏ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. కేసులున్నవాళ్లు వాటిని పత్రికల్లో ప్రకటించాలని 2018లో, అలాంటివాళ్లకు టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు చెప్పాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో దొరుకుతాయి. ముఖ్యమంత్రికైనా, డిపాజిట్ దక్కని ఇండిపెండెంట్‌కైనా ఫారం ఒక్కటే, గడులు అవే. అవి పోలింగ్‌కు ముందే ఓటరు చేతికి వస్తాయి.