ఉప్పు పెరికెలు – రేవు సిరి

రాయపూరునకు సముద్రము లేదు. అయినను ఆ ప్రాంతపు వంటయిండ్లకు ఉప్పు చిరకాలము తూర్పుతీరమునుండి వచ్చెడిది. రైలు రాకమునుపు విశాఖ, గంజాము తీరముల ఉప్పును లంబాడీలు పెరికెలకెత్తి, ఎద్దులపై జయపురము, కలహండి అడవులగుండ ఛత్తీసుగఢమునకు చేర్చి, తిరుగుదారిలో ధాన్యమును తెచ్చెడివారు. మన రేవుపట్టణముల చరిత్ర వ్రాయువారు ఓడతో ప్రారంభింతురు, ఎద్దును మరతురు. భీమునిపట్నమువంటి చిన్న ఊరికి సిరి ఎట్లు కలిగెనో, ఎట్లు తొలగెనో తెలియవలెనన్న ఈ లోపలి దారులను చూడక తప్పదు.

గోస్తని సముద్రమున కలియుచోట ఈ ఊరున్నది. వలందులని మనవారు పిలిచిన డచ్చివారు 17వ శతాబ్దిలో ఇచ్చట వర్తకస్థానము నేర్పరచుకొనిరి. 1754లో మరాఠాలు దానిని కొల్లగొట్టిరి. 1824 నాటి ఒడంబడికననుసరించి మరుసటియేట అది ఆంగ్లేయుల వశమయ్యెను. వలందుల సమాధిరాళ్ళు నేటికిని నిలిచియున్నవి.

రేవు అన్నమాటేగాని ఓడ చేరదగిన కట్టడమేదియు లేదు. ఓడలు దూరమున లంగరు వేసికొనగా, కొబ్బరిపీచుతో కుట్టిన మసూలా పడవలు నురుగులమీదుగా సరకు మోసెడివి. నువ్వులు, కరక్కాయలు, గోగునార ముఖ్యమైన ఎగుమతులు. తోళ్ళు పదునుచేయువారు ఒక తరగతి కరక్కాయను, జనుపనార వర్తకులు మన గోగునారను ‘బిమ్లీ’ పేరుతోనే ఎరుగుదురు. రాజధానులకు సైతము దక్కని ఖ్యాతి ఇది! 1861 నాటికే ఊరికి పురపాలక సంస్థ ఏర్పడెను. సముద్రమునకెదురుగా వర్తకుల బంగళాలు, దీపస్తంభము, గడియారస్తంభము వెలసెను.

ఈ సుఖజీవనము ఎవరిదని అడుగుట అసూయ కాదు. అడవిలో కరక్కాయ ఏరినవాడు కొండవాడు. నడుములోతు నీట నిలిచి, కుళ్ళిన గోగుకట్టలనుండి నార తీసినవాడు రైతుకూలి. పడవను అలలపై నడిపినవాడు జాలరి. బంగళా వరండాలోని గాలి వీరి గుడిసెలకును వీచెను. సిరి మాత్రము అంతదూరము రాలేదు.

1888లో రాయపూరునకు రైలు వచ్చినది. 1893లో తీరపు రైలుమార్గము విజయనగరముమీదుగా పోయి, భీమునిపట్నమును ప్రక్కకు విడిచెను. 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తి అయినది. పూర్వము ఎద్దులు నడిచిన సీమలకు ఇప్పుడు ఇనుపదారి కలిగెను. కాని దాని చివర నున్నది భీమిలి కాదు. 1933లో తెరచిన విశాఖ నౌకాశ్రయము. మధ్యపరగణాల మాంగనీసు అటు సాగెను. రైలుకొలువులకై బయలుదేరిన తెలుగు కుటుంబములు మాత్రము ఎదురుదిశగా పోయి రాయపూరు, బిలాసపురములలో స్థిరపడినవి. లంబాడీల ఉప్పు వెళ్ళిన వైపే తెలుగుమాటయు వెళ్ళినది.

నేడు భీమిలి ప్రశాంతతను మెచ్చి సంపన్నులు సముద్రపుటొడ్డున ఇండ్లు కట్టుకొనుచున్నారు. ఆ ప్రశాంతత వర్తకము వెడలిపోగా మిగిలినది. చేరువనున్న చిట్టివలస జనపనార మిల్లు 2009లో మూతపడినది. 2013లో ఊరు విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసిపోయినది. రాయపూరునుండి తీరమునకు తలపెట్టిన క్రొత్త రహదారి విశాఖ చెంతనున్న సబ్బవరమువద్ద ముగియును.