చిన్న బండి – ఇరుసు చిక్కు



ఎడ్లబండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును నడచునని మీరెఱుగుదురు. రెండును ఇరుసుపై వేర్వేఱుగా తిరుగును గనుక బండికి ఇబ్బంది లేదు. ఆ చక్రములను ఇరుసునకు బిగించి, మూడును ఏకముగా తిరుగునట్లు చేసిన నేమగును? అమెరికా విద్యార్థులు ఎన్నో యేండ్లుగా ఎదుర్కొనుచున్న చిక్కు ఇదియే. ఆ చరిత్రను నేడు మనవి చేయుదును.

1956లో కాలిఫోర్నియా రాష్ట్రమున, పందెపు కార్లను నిర్మించు కర్మాగారములో పనిచేయు ఆర్ట్ ఇంగెల్స్, తన మిత్రుడు లూ బొరెల్లితో కలసి, ఉక్కుగొట్టముల చట్రమునకు గడ్డికోత యంత్రపు ఇంజను నమర్చి యొక చిన్న బండిని చేసెను. దానినే కార్ట్ అందురు. దానికి పైకప్పు లేదు, స్ప్రింగులు లేవు. సాధారణముగా కార్టులలో వెనుక చక్రములు రెండును ఇరుసునకే బిగింపబడును. 1958లో ఇండియానా రాష్ట్రమందలి పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇట్టి బండ్లతో పందెము నారంభించిరి. అది 160 చుట్ల పందెముగా పేరుగాంచెను. దానివలన వచ్చు ధనము విద్యార్థివేతనములకు వినియోగపడును.

ఇంజను అందఱికిని సమానమైనపుడు గెలుపెక్కడ నున్నది? మలుపులో నున్నది. చక్రములు రెండును సమానముగా తిరుగుటచే వానిలో నొకటి నేలపై ఈడ్వబడి వేగమును హరించును. కావున మలుపులో లోపలి వెనుక చక్రము క్షణకాలము నేలను విడువవలెను. ముందు చక్రములను త్రిప్పగనే లోపలి ముందుచక్రము క్రిందికి నొక్కును. చట్రము మెలిదిరిగి వెనుక చక్రమును లేపును. చట్రము మిక్కిలి మెత్తనైన చక్రము లేవదు; మిక్కిలి బిఱుసైన అవసరమునకు మించి లేచును. అందుచే విద్యార్థులు పీటను అంగుళమంత జరిపి, టైరులలో గాలిని మార్చి, చక్రముల నడిమి యెడమును సవరించి, ప్రతి మార్పునకును చుట్టు కాలమును గడియారముతో కొలిచి వ్రాసికొందురు. ఒకేసారి రెండు మార్పులు చేసినచో మేలు దేనివలన కలిగెనో తెలియదు గదా!

2010లో అచటనే విద్యుత్తుతో నడచు కార్టులకును పందెము మొదలయ్యెను. ఇంజను స్థానమున మోటారు వచ్చెను గాని, ఇరుసు చిక్కు అట్లే నిలిచెను.

ఇందు నాకు ముఖ్యముగా తోచునది యొకటి. పుస్తకమందలి లెక్క తప్పినచో బాటయే ఆ సంగతి చెప్పును. అట్లు నేర్చినది మఱపునకు రాదు. మీ యింటి పిల్లవాడు పాత ఇంజనును విప్పి ముందఱ పఱచుకొనినచో, కోపగించుటకు ముందు, ఏమి కొలుచుచున్నావని అడిగి చూడుడు.