బాలింతకు గుక్కెడు నీళ్లు

1955 ఫిబ్రవరిలో రష్యావాళ్లతో ఒప్పందం కుదిరాక భిలాయిలో ఉక్కు కర్మాగారం పని మొదలైంది. మట్టి పనికీ కాంక్రీటు పనికీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు క్యాంప్ 1లో గుడిసెలు వేసుకున్నాయి. శొంఠి, వెల్లుల్లి కారం, బాలింత పథ్యం కూడా వాళ్లతోనే రైలు దిగాయి. నర్సుగా బాలింతల గదుల్లో తిరిగినదాన్ని, పథ్యం సంగతే చెబుతాను.

తలకు గుడ్డ, చెవుల్లో దూది, మంచం కింద కుంపటి. వీటితో నాకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా నీళ్ల దగ్గరే. ఎక్కువ తాగితే ఒంటికి నీరు పడుతుందని పెద్దవాళ్లు కాచిన నీళ్లను గుక్కలు లెక్కపెట్టి ఇచ్చేవారు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఆ లెక్క ఎలాగో గడిచిందేమో. ఇక్కడ మే నెలలో లూ అనే వడగాలి కొడుతుంది, రేకుల ఇల్లు పెనంలా కాలుతుంది. కొలిమి దగ్గర డ్యూటీ చేసొచ్చిన మగాడు చెంబులు చెంబులు తాగేవాడు. లోపలి గదిలో బిడ్డకు పాలిచ్చే మనిషి నాలుక తడుపుకొనేది.

కాన్పు సమయంలో రక్తస్రావం ఆగాలి కాబట్టి, త్వరగా గడ్డకట్టే గుణం రక్తానికి దానంతటదే వస్తుంది. వారాల తరబడి పోదు. నీళ్లు చాలక రక్తం చిక్కబడి, రక్తహీనత కూడా తోడైతే మెదడు నుంచి రక్తాన్ని కిందికి దించే సిరల్లో గడ్డ పడొచ్చు. తలపోటు, వాంతులు, ఆపైన ఫిట్స్, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం. మావాళ్లు గాలి సోకిందనేవారు. ముందు తాయెత్తు, తర్వాతే సెక్టార్ 9 ఆసుపత్రి.

మదురై డాక్టర్ కె. శ్రీనివాసన్ 1983లో ఇలా మెదడు రక్తనాళాల్లో గడ్డ పడిన 135 మంది గర్భిణుల, బాలింతల కేసులు ప్రచురించారు. ఈ జబ్బుకు మందు మాత్రం పాతదే. హెపారిన్ 1916లో మెక్లీన్ అనే వైద్యవిద్యార్థి చేతికి చిక్కింది. అయినా డాక్టర్లు జంకేవారు. మెదడులో అప్పటికే నెత్తురు చిమ్మితే, గడ్డకట్టనివ్వని మందు ఎలా ఇస్తారు? 1991లో జర్మనీలో కేవలం 20 మందిపై జరిగిన పరీక్ష ఆ జంకును చాలావరకు తీర్చింది.

పోనీ, నేరమంతా మంత్రసానుల మీద మోపుదామా? 2012లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి వాళ్లు మెదడు సిరల్లో గడ్డ పడిన 428 మంది రోగుల లెక్క ప్రకటించారు. సగానికి పైగా మగవాళ్లే! కారణాల్లో రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరగడం ముందున్నాయి, కాన్పు వెనకబడింది. హోమోసిస్టీన్‌ను దించే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఐరన్‌తో కలిపి ఆ మాత్రలే ఇప్పుడు గర్భిణులకు ఉచితంగా ఇస్తున్నారు. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త మితానిన్‌కు కాస్త తెలుగు వస్తే చాలు, ముసలమ్మలతో సగం వాదన తప్పుతుంది.