నలిగిన మనస్సు, కల్తీ కల్లు: కామారెడ్డి, యెల్లారెడ్డి ప్రాంత చరిత్ర నేర్పే పాఠము

యెల్లారెడ్డికి చేరువలో మంజీరా నదిపై నిజాంసాగర్ ఆనకట్టను 1923–1931 మధ్య నిర్మించారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు చరిత్రలో నిలిచింది. రాళ్ళు మోసిన కూలీల పేర్లు నిలువలేదు. ఆ శ్రమ నేటి అడ్డా కూలీల వరకు సాగుతూనే ఉంది. ఒళ్ళు నొప్పులకు, పని దొరకని రోజుల దిగులుకు అనేకులకు సాయంత్రపు కల్లే మందయింది.

అయితే అది చెట్టు కల్లుగా మిగలలేదు. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు అందులో చేరాయి. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం ఈ కల్తీని అరికట్టబూనగా, కామారెడ్డి, యెల్లారెడ్డి అప్పుడు భాగమైన నిజామాబాద్ జిల్లాలో ఎందరో వణుకుతో, మూర్ఛలతో, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు త్రాగి పదులకొద్దీ జనం అస్వస్థులయ్యారు.

ఈ రెంటినీ కలిపి చూడగా మేము గ్రహించినది ఇది: త్రాగుట ఎంత అపాయమో, వైద్యుడు లేకుండా ఒక్కసారిగా మానుట అంత అపాయము. కనుక ఈ రాత్రే మానివేయుమని కూడికలలో పిలుపునిచ్చే కాపరి, మరునాడు ఆ సహోదరుని వెంట ఆసుపత్రికి వెళ్ళవలెను. మందు మోతాదును క్రమంగా తగ్గించేది వైద్యులే. ఆ వణుకును దయ్యముగా ఎంచరాదు. మానసిక సహాయానికి 14416 నంబరు గల టెలి మానస్ 2022 నుండి ఉన్నది.

ఐగుప్తులో ఇటుకలు చేసినవారు మోషే చెప్పిన విడుదల వార్తను సహితం వినలేకపోయారు. నిర్గమకాండము 6:9 దీనిని వారి మొండితనముగా కాక, నలిగిన మనస్సుగా, కఠిన శ్రమగా చెబుతుంది. మన సంఘములలోని కూలీలను కూడ అట్లే అర్థం చేసికొనవలెను.