చేదు రుచి, దూరపు సరుకు: సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఇంగ్లీషు బిట్టర్ ఏల్ తొలి పరిచయాలు

వ్యాససంగ్రహం

1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంటు ద్వారా తెలుగు ప్రాంతానికి చేరిన ఆంగ్ల వస్తువుల్లో చేదు బీరు ఒకటి. తాటికల్లు, ఈతకల్లు, సారా తెలిసిన సమాజంలోకి హాప్స్ చేదుతో కూడిన ఈ పానీయం ఏ మార్గాన వచ్చింది, ఎవరి చేతుల మీదుగా నడిచింది, దాన్ని తొలుత ఎరిగినవారు ఎవరు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పానీయ చరిత్రను తాగినవారి చరిత్రగానే కాక, మోసినవారి, చల్లబరచినవారి, వడ్డించినవారి చరిత్రగా కూడా చదవాలన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: సికింద్రాబాద్, కంటోన్మెంటు, బిట్టర్ ఏల్, కల్లు, ఆబ్కారీ, ఆది హిందూ ఉద్యమం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి ఆహారపానీయాల చరిత్రకు సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ గట్టి పునాది వేసింది. కావ్యాల నుంచి జనజీవితాన్ని రాబట్టే ఆ పద్ధతి ప్రాచీన, మధ్యయుగాలకు చక్కగా సరిపోతుంది. కంటోన్మెంటు జీవితానికి వచ్చేసరికి ఆ పద్ధతి ఒక్కటే చాలదు. అక్కడి వంటవాడు, బట్లరు, బండివాడు కావ్యవస్తువులు కాలేదు. పందొమ్మిదో శతాబ్దపు చివర వెలువడిన ‘కన్యాశుల్కం’ మద్యపానాన్ని రంగస్థలం మీదికి తెచ్చినప్పుడు కూడా సారాదుకాణాన్నే చూపింది. బీరు అప్పటికి కంటోన్మెంట్ల సరుకు. కాబట్టి దాని చరిత్రకు వర్తకమార్గాలు, సైనిక వ్యవస్థ, సేవకవృత్తులు, భాష ఆధారాలు కావలసి ఉంటుంది.

2. రెండు రుచులు, రెండు కాలప్రమాణాలు

తెలంగాణ పల్లెలో కల్లు ఒక పూట పానీయం. చెట్టు నుంచి దించినప్పుడు తియ్యగా ఉండే నీరా గాలిలోని, కుండలోని ఈస్టుతో కొన్ని గంటల్లోనే పులుస్తుంది. మరునాటికి మరీ పుల్లనై తాగడానికి పనికిరాదు. అందువల్ల కల్లుకు చెట్టు, గీతకారుడు, తాగేవాడు ఒకే ఊరిలో ఉండాలి. తీపి నుంచి పులుపుకు సాగే ప్రయాణమే దాని రుచి. సారాది ఘాటు. ఈ రెంటిలోనూ చేదుకు ప్రధానస్థానం లేదు.

తెలుగు వంటింట్లో సైతం చేదును విరవడమే నేర్పు. కాకరకాయ ముక్కలకు ఉప్పు పట్టించి, పిండి, చింతపండో బెల్లమో చేర్చడం ఇందుకు నిదర్శనం. ఉగాదినాడు వేపపువ్వు, జ్వరమొస్తే నేలవేము కషాయం, తరువాతి కాలంలో క్వినైన్. చేదు ఆచారానికో వైద్యానికో చెందినదే గాని, విలాసానికి చెందినది కాదు.

ఇంగ్లీషు బిట్టర్ దీనికి పూర్తిగా భిన్నం. లేతగా వేయించిన బార్లీ మాల్టుతో, పైకి తేలే ఈస్టుతో పులియబెట్టే పేల్ ఏల్ అది. తయారీదారులు దాన్ని పేల్ ఏల్ అని వ్యవహరించగా, పందొమ్మిదో శతాబ్దపు మధ్యకాలం నాటికి ఇంగ్లాండు పానశాలల్లో తాగేవారు ‘బిట్టర్’ అని అడగసాగారు. దాని చేదుకు మూలం హాప్ పువ్వు. ఆ పువ్వు రుచినివ్వడమే కాక, బీరును పాడుచేసే సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. కనుకనే భారతదేశానికి పంపే బీరులో హాప్స్ ఎక్కువగా వేసేవారు. ఒక్క దినం నిలవని కల్లు తాగే నేలకు, నెలల తరబడి నిలిచే బీరు వచ్చింది. చేదు ఆ నిలవకు చెల్లించిన మూల్యం.

3. బర్టన్ నుంచి తిరుమలగిరి దాకా

ఈ వర్తకంలో తొలుత పేరెన్నికగన్నది లండన్‌లోని బో ప్రాంతపు హాడ్జ్‌సన్ బ్రూవరీ. ఈస్టిండియా కంపెనీ ఓడలు నిలిచే రేవు దానికి సమీపంలో ఉండడం, ఓడ అధికారులకు దీర్ఘకాలపు అప్పు ఇవ్వడం దానికి కలిసివచ్చాయి. 1820ల నుంచి బర్టన్ పట్టణపు ఆల్సాప్, బాస్ సంస్థలు పోటీకి దిగాయి. జిప్సం అధికంగా ఉన్న బర్టన్ బావినీరు చేదును స్ఫుటంగా నిలుపుతుంది. బాస్ సీసా మీది ఎర్రని త్రికోణం 1876 జనవరి 1న బ్రిటన్‌లో నమోదైన తొలి వాణిజ్యచిహ్నం. అక్షరం రానివారు కూడా గుర్తుపట్టగల చిహ్నమది. మన సందర్భంలో ఇది గమనార్హం.

1869లో సూయజ్ కాలువ తెరుచుకొనేదాకా ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి రావలసి ఉండేది. రేవు చేరిన తరువాత సికింద్రాబాద్ వంటి లోతట్టు కంటోన్మెంటుకు మిగిలినది ఎద్దుబండి మార్గం. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం మొదలై, బొంబాయితో సంబంధం ఏర్పడడంతో ఈ పరిస్థితి మారింది. బరువైన, పగిలే స్వభావం గల సీసాల సరుకుకు రైలు తెచ్చిన సౌలభ్యం ఇతర సరుకులకన్నా ఎక్కువ.

4. సైన్యంలో పానీయభేదం

1798 సైన్యసహకార ఒప్పందం తరువాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన స్థిరపడిన కంపెనీ దళాల నివాసమే, మూడవ నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అయింది. తరువాత యూరోపియన్ దళాలకు తిరుమలగిరి, నిజాం కంటింజెంటుకు బొల్లారం ప్రధాన స్థావరాలయ్యాయి.

ఈ సైన్యంలో అందరూ ఒకే పానీయం తాగలేదు. కంపెనీ కాలంలో సామాన్య యూరోపియన్ సైనికుడికి అందిన రోజువారీ కోటా సారా. బీరు దొరికినప్పుడు అతనికి చేరినది ఎక్కువగా నల్లని పోర్టర్. చేదు పేల్ ఏల్ అధికారుల భోజనశాలకు, వర్తకుల ఇళ్లకు చెందిన ఖరీదైన సరుకు. భారతదేశంలోని సైన్య ఆరోగ్యంపై 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక సారా తగ్గించి బీరును ప్రోత్సహించడం మేలని భావించింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా సారా పంపిణీని తీవ్రంగా విమర్శించారు. అంటే బీరు ఒక దశలో ‘ఆరోగ్యకరమైన’ ప్రత్యామ్నాయంగా అధికార ఆమోదం పొందింది. అదే పాలనలో కల్లు, సారాలు ఆబ్కారీ రాబడికి మూలాలు. ఒక పానీయం ఆరోగ్యవిధానంగానూ, మరొకటి పన్నువనరుగానూ విభజింపబడడం రుచికి సంబంధించిన విషయం కాదు. అది పాలితుడికి, పాలకుడికి మధ్య గీసిన గీత.

5. చేతులు ముందు, నాలుక తరువాత

సికింద్రాబాద్ వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఇంగ్లాండు నేలమాళిగలో పన్నెండు డిగ్రీల చల్లదనంలో ఒదిగే బిట్టర్‌ను ఇక్కడ తాగదగినదిగా చేయడం ఒక విద్య. ఆ విద్య ఆబ్దారుది. సురేకారం కలిపిన నీటిలో సీసాలను తిప్పుతూ చల్లబరచడం అతని పని. నీటిలో సురేకారం కరిగేటప్పుడు వేడిని పీల్చుకుంటుందన్న సూత్రం మీద ఈ పద్ధతి ఆధారపడింది. యంత్రాలతో మంచు తయారయ్యేదాకా దొర గ్లాసులోని బీరు నాణ్యత బర్టన్ నీటి మీద ఎంతగానో, ఆబ్దారు చేతి మీద అంతగానూ ఆధారపడింది.

ఇలాంటి వృత్తులవారితోనే సికింద్రాబాద్ జనజీవితం రూపుదిద్దుకొంది. ఉజ్జయిని మహంకాళి ఆలయ స్థలపురాణం దీనికి చక్కని సాక్ష్యం. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో కలరా వ్యాపించిన వేళ ఉజ్జయినిలో మొక్కుకొని, 1815లో తిరిగివచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడని సంప్రదాయం. పటాలం వెంట నడిచిన ఒక సేవకుడు నగరపు ప్రధాన దేవతకు స్థాపకుడయ్యాడు. బోనాల్లో ఆ తల్లికి పోసే సాకకు సంప్రదాయసిద్ధమైన ద్రవ్యం కల్లు. పటాలపు బీరును రోజూ మోసిన సమాజం తన దేవతకు మాత్రం చెట్టు నుంచి దిగినదే సమర్పించింది. కొత్త పానీయం కొలువులో భాగమైనా కొలుపులో భాగం కాలేదని దీన్నిబట్టి చెప్పవచ్చు.

కనుక తెలుగువారికి బిట్టర్‌తో తొలి అనుభవం తాగడం కాదు. పెట్టె దించడం, బిరడా తీయడం, వాసన ఎరగడం, ఖాళీ సీసాను దాచుకోవడం. నాలుకకు తగిలిన వేళ, చేదును మందుగా ఎరిగిన సంస్కారానికి అది కషాయాన్నే గుర్తుచేసి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు.

6. ఆది హిందూ ఉద్యమ దృష్టి

కంటోన్మెంటు సేవకవృత్తుల్లో అణగారిన కులాలవారు గణనీయంగా ఉన్నారు. గ్రామంలోని వెట్టి నుంచి విముక్తి, నెల జీతం, కొంత ఆంగ్లపరిచయం అక్కడ లభించాయి. ఈ వాతావరణం నుంచి ఎదిగిన సంస్కర్తలు మద్యాన్ని ప్రధాన సమస్యగా గుర్తించారు. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ మద్యపానాన్ని, జోగిని దురాచారాన్ని వ్యతిరేకించారు. సికింద్రాబాద్‌లో అరిగె రామస్వామి అదే మార్గంలో కృషిచేశారు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో ప్రచురించిన గ్రంథం ఈ జంటనగరాల ఉద్యమానికి ముఖ్యమైన ఆధారం.

ఇక్కడొక సూక్ష్మభేదాన్ని గుర్తించాలి. బ్రిటిష్ సైన్యంలోని మద్యనిషేధ సంఘాలు సైనికుడి క్రమశిక్షణను, ఆరోగ్యాన్ని లక్ష్యంగా చేసుకొన్నాయి. ఆది హిందూ సంస్కర్తలకు అది కుటుంబపు కూలిడబ్బు, పిల్లల చదువు, సమాజగౌరవం. దొర గ్లాసు నాగరికతకు గుర్తుగా, కూలివాడి ముంత పతనానికి గుర్తుగా చెలామణి అయిన కాలంలో, ముంతను వదలమన్న పిలుపు అనుకరణ కాదు. అది ఆత్మగౌరవ ప్రకటన.

7. భాషాసాక్ష్యం

సీమచింత, సీమసున్నం వంటి మాటల్లో ‘సీమ’ అనే విశేషణం పరాయి వస్తువును తెలుగు వస్తువు పక్కన నిలబెట్టింది. చేదు పానీయం అలా తెలుగైపోలేదు. ‘బీరు’ అన్న పేరుతోనే వచ్చి అలాగే నిలిచింది. ఏల్, పోర్టర్, లాగర్ అన్న భేదాలన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోయాయి. అన్నిటికీ ఒకే మాట చాలిందంటే, ఆ భేదాలు తాగేవారికే తప్ప చూసేవారికి అవసరం కాలేదన్నమాట. దీనికి ఎదురుగా, జంటనగరాల్లో కల్లు అమ్మే చోటు ‘కల్లు కాంపౌండు’ అయింది. బీరు తన పేరు మార్చుకోలేదు గాని, కల్లు తన ఇంటికి దొరల మాటను తెచ్చుకొంది.

8. ముగింపు

1915లో థామస్ లీష్మన్ దక్షిణ భారతంలోని ఐదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్‌ను నెలకొల్పడంతో సరఫరా దేశీయమైంది. కాలక్రమాన చల్లని లాగర్ ప్రబలి, చేదు ఏల్ వెనుకబడింది. నేడు తెలంగాణలో బీరు అంటే దాదాపు లాగరే. 2015 తరువాత అనుమతి పొందిన మైక్రోబ్రూవరీల్లో పేల్ ఏల్ కొత్త వింతగా మళ్లీ కనిపిస్తున్నది. ఇదే నగరంలో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు 2014లో గాని తెరుచుకోలేదు. ఏ పానీయానికి నగరంలో చోటుండాలన్న నిర్ణయంలో పాత గీత ఛాయలు నేటికీ చెరగలేదు.

సికింద్రాబాద్ బీరు చరిత్ర క్లబ్బుల జ్ఞాపకాలతో పూర్తికాదు. సీసాను మోసిన బండివాడు, చల్లబరచిన ఆబ్దారు, వడ్డించిన బట్లరు, వద్దన్న సంస్కర్త ఇందులో సమాన పాత్రధారులు. కంటోన్మెంటు సేవకుల కుటుంబాల్లో నేటికీ నిలిచివున్న మౌఖికకథనాలను, వృత్తిపదజాలాన్ని సేకరించడం తెలుగు పరిశోధకుల తక్షణ కర్తవ్యం. రుచుల చరిత్రలో శ్రమకు దక్కవలసిన స్థానం ఆ పనితోనే దక్కుతుంది.