ఆటపాక గూడబాతులు, బుడమేటి నీళ్లు

సంక్రాంతి ముందు ఆటపాక చెరువు గట్టెక్కితే ఇనప స్టాండ్ల మీద చోటు మిగలదు. ఒక్కో అంతస్తులో నాలుగైదు గూళ్లు, గూటి నిండా గూడబాతులు. పిల్ల తన తలని తల్లి ముక్కు కింది సంచిలోకి మెడదాకా దూర్చేసి చేప అందుకుంటుంది. ఆ ఊపుకి తల్లి తూలిపోకుండా రెక్కలు విప్పి నిలదొక్కుకుంటుంది. బైనాక్యులర్స్‌లో చూస్తే పై ముక్కు అంచు వెంట వరసగా నీలి చుక్కలు కూడా కనిపిస్తాయి. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు, కింద నీళ్లలో నామాల కోళ్లు, నీటికాకులు. గూళ్లకి చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు పెట్టిన స్టాండ్లివి. పక్షులు వాటిని ఒప్పుకోవడం మా కైకలూరు అదృష్టం.

గూడబాతులకీ ఈ ప్రాంతానికీ పాత చుట్టరికం ఉంది. కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షి పరిశీలకుడు 1946లో పశ్చిమ గోదావరిలో వీటి పెద్ద స్థావరాన్ని చూసి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని గురించి రాశారు. 1970ల నడుమకి అవి ఆ చోటు వదిలేశాయి. ఆటపాక ఉన్న మా కొల్లేటి సరస్సు దగ్గర మళ్లీ గూళ్లు పెట్టడం తర్వాతి సంగతి.

ఆ 1970ల్లోనే కొల్లేటి రూపం మారడం మొదలైంది. మొదట మత్స్యకారుల సొసైటీల పేరిట చేపల చెరువులు తవ్వించారు. తర్వాత డబ్బున్నవాళ్లు దిగారు. కిక్కిస గడ్డి ఉన్నచోట గట్లు లేచాయి, కొరమీను, మట్టగిడస దొరికినచోట బొచ్చె, శీలావతి పెరిగాయి. ఐసు పెట్టెల్లో చేపలు లారీలెక్కి కలకత్తా దాకా వెళ్లాయి. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో పొక్లెయిన్లు దిగి చెరువు గట్లు తెంచాయి. ఆ ఏడు పెద్దవాళ్లు ఎలాగోలా తేరుకున్నారు, చిన్న సొసైటీల్లో ఉన్నవాళ్ల బతుకే చెదిరింది. ఈ రెండో మాట చెప్పకుండా కొల్లేటి చరిత్ర రాయడం న్యాయం కాదు. తెంచిన గట్లలో కొన్ని తర్వాత మళ్లీ లేచాయి.

పక్షుల కోసం ఇంత గొడవెందుకని విజయవాడలో బంధువులు అడిగేవారు. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ ఇళ్లలో నడుంలోతు నీళ్లు నిలిచాక ఆ ప్రశ్న వేయడం మానేశారు. అక్కడ ముంచిన బుడమేరు చివరికి చేరాల్సింది మా కొల్లేటికే. తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చేదీ ఇక్కడికే. ఇన్ని ఏర్ల నీళ్లు సముద్రానికి పోవడానికి దారి ఒక్క ఉప్పుటేరు, అదీ అరవై కిలోమీటర్ల పొడవు. అందుకే వచ్చిన నీరు కొన్నాళ్లు ఒళ్లు విరుచుకుని పడుకోవడానికి ఇక్కడ చోటుండాలి. గూడబాతు మేతకి కావాల్సిన చోటూ అదే.

పక్షుల్ని అందరూ చూస్తారు, తూనీగల్ని ఎవరూ పట్టించుకోరు. నాకు వాటి మీదే మక్కువ. తూనీగ పిల్లదశంతా నీళ్లలోనే, దోమపిల్లల్ని తింటూ. తర్వాత కిక్కిస కాడ మీదికి పాకి, వీపు చీల్చుకుని బయటికొస్తుంది. ఎండిన ఆ పొర కాడని అలాగే పట్టుకుని ఉంటుంది. మురికి నీళ్లకి తట్టుకునే నారింజరంగు రెక్కల తూనీగ ఒకటుంది, మురుగు కాలవల పక్కన కూడా బతికేస్తుంది. ఒక చెరువు దగ్గర అదొక్కటే మిగిలిందంటే నీళ్లు పాడయ్యాయని నేను అనుమానిస్తాను. ఆటపాక గట్టు మీద వానలు తగ్గాక పసుపు తూనీగలు గుంపులుగా తిరుగుతాయి. ఆ జాతి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా వెళ్తుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఏటా జనవరిలో నీటిపక్షుల్ని లెక్కపెట్టినట్టే, మా బడి పిల్లల చేత తూనీగల్నీ రాయించాలి. ఏ జాతి, ఏ గట్టు, ఏ నెల అన్నంత మాత్రం చాలు. మొదటి నోటుపుస్తకం నేనే కొనిస్తాను.