రాజమహేంద్రవరం: ఎగువ, దిగువ

మన పట్టణాల చరిత్రను రెండు విధాలుగా రాయడం మనకు అలవాటైపోయింది. ఒకటి స్థలపురాణం, రెండవది ప్రముఖుల జాబితా. రాజమహేంద్రవరం విషయంలో ఈ రెండూ కలిసిపోయాయి. రాజరాజనరేంద్రుడు, నన్నయ, వీరేశలింగం, కాటన్: ఈ నాలుగు పేర్లూ చెప్పి, పుష్కరాల రేవు చూపించి, ‘సాంస్కృతిక రాజధాని’ అనే బిరుదు తగిలిస్తే ఊరి చరిత్ర ముగిసిందనుకుంటాం. ముప్ఫయి ఏళ్ళపాటు నేను తరగతిలో ఈ పాఠమే చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు. కాని ఆ నాలుగు పేర్లనూ మోసిన నేల ఏది, దానిమీద చెమటోడ్చినవారెవరు అన్న ప్రశ్నకు ఆ పాఠంలో చోటు లేదు.

మా తండ్రి గోదావరి ఒడ్డున ఒక కలప అడితిలో గుమాస్తా. నా చిన్నతనంలో ఏజన్సీనుంచి దుంగలూ వెదుళ్ళూ తెప్పలుగా కట్టి నదిమీద దింపేవారు. ఆ తెప్పలు నడుపుకొచ్చినవాళ్ళు రాత్రికి గట్టుమీదనే వండుకు తిని పడుకొని, తెల్లవారి కాలినడకన తిరిగిపోయేవారు. మా తండ్రి రాసే ఖాతాలో దుంగ పొడవుండేది, చుట్టుకొలత ఉండేది, కొన్న షావుకారు పేరుండేది. తెప్ప నడిపిన మనిషి పేరుండేది కాదు. అది మా తండ్రి తప్పు కాదు. ఆ ఖాతాలో అందుకు గడి లేదు. మన చరిత్ర గ్రంథాలు కూడా చాలావరకు ఆ ఖాతా పద్ధతిలోనే తయారయ్యాయి.

ఈ ఊరి ఉనికినే మొదట చూడాలి. గోదావరి పాపికొండల ఇరుకు దాటి, పోలవరం దగ్గర మైదానంలోకి వచ్చి వెడల్పవుతుంది. రాజమహేంద్రవరం దాటగానే ధవళేశ్వరం. ఆపైన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి డెల్టాలోకి దిగుతుంది. ఎగువన కొండలు, దిగువన వరిచేలు. నడుమ ఒక రేవు. ఎగువది దిగువకు దిగాలన్నా, దిగువనుంచి అధికారం ఎగువకు ఎక్కాలన్నా ఈ రేవు దగ్గర ఆగవలసిందే. ఈ ఊరి సంపదకూ, సంస్కృతికీ, నిద్రకూ కూడా మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యాడు. నన్నయ ఆయన ఆస్థానంలో భారతాంధ్రీకరణ ప్రారంభించాడు. ఆ రాజే 1053లో నందంపూడి గ్రామాన్ని నన్నయకు తోడ్పడిన నారాయణభట్టుకు దానం చేశాడు. ఆ శాసనం రచించినది నన్నయే. దాత ఎవరో, గ్రహీత ఎవరో, ఆయన పాండిత్యం ఎంతటిదో ఆ శాసనంవల్ల మనకు తెలుస్తున్నది. గ్రామాన్ని దున్నేవారు మాత్రం గ్రామంతోపాటు చేతులు మారారు. ఇంతమాత్రంచేత నన్నయ గొప్పతనానికి లోటేమీ రాదు. ఐతే కావ్యం రాయడానికి కావలసిన తీరిక ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడం సాహిత్యద్రోహం కూడా కాదు.

తరువాత పాలకులు మారుతూ వచ్చారు. ఢిల్లీ సుల్తానుల దండయాత్రకు గుర్తుగా 1324 నాటి మసీదు ఊళ్ళో నేటికీ ఉంది. రెడ్డిరాజులు, గజపతులు, గోల్కొండ నవాబులు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. 1765లో మొగలు ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి దఖలు పడ్డాయి. ఇందరు మారినా రేవు మారలేదు, శిస్తు ఆగలేదు.

కంపెనీ పాలన తొలి ఎనభై ఏళ్ళలో ఈ జిల్లాకు ఏమి ఒరిగింది? కంపెనీ లెక్కలే సమాధానం చెబుతాయి. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1840 దశకం ఆరంభానికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. 1832-33 కరువు, తుపానులు, నేతపని నాశనం, వీటన్నిటినీ మించి కనికరం లేని శిస్తు దానికి కారణాలు. 1844లో మాంట్‌గోమరీ సమర్పించిన నివేదిక ఈ దుస్థితిని బయటపెట్టింది. జనం తగ్గితే శిస్తు తగ్గుతుంది. అప్పుడుగాని కంపెనీకి మెలకువ రాలేదు. ఆ పరిస్థితిలోనే ఆర్థర్ కాటన్ పథకం ఆమోదం పొంది, 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది.

డెల్టా రైతు కాటన్ విగ్రహానికి దండ వేస్తే పరిహసించే మిత్రులు కొందరున్నారు. నేను వారితో ఏకీభవించను. కడుపు నిండిన మనిషి కృతజ్ఞతను వెక్కిరించడం అభ్యుదయం కాదు. కాని ఒక ఇంజనీరు దయాహృదయాన్నీ, అతణ్ణి పంపిన కంపెనీ లాభాపేక్షనూ విడదీసి చూడలేకపోవడం చరిత్ర కాదు. ఓవర్సీరు వీణెం వీరన్న పేరైనా మనకు మిగిలింది. ధవళేశ్వరం కొండను పగలగొట్టి, రాళ్ళు మోసి, ఏటికి అడ్డంగా పేర్చిన వేలాది కూలీల పేర్లు ఏ ఖాతాలో ఉన్నాయి?

ఆనకట్టతో దిగువ బాగుపడింది. అదే కాలంలో ఎగువన ఏమి జరిగింది? 1879లో రంప ప్రాంతపు గిరిజనులు తిరగబడ్డారు. మన్సబుదారు దోపిడీ, కల్లుమీద వేసిన చిగురుపన్ను, పోలీసుల జులుం, వడ్డీవ్యాపారుల మోసాలు దానికి కారణాలు. సైన్యాన్ని దింపి ఆ తిరుగుబాటును అణచివేశారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతవరకు తమదనుకున్న అడవిలో పోడు కొట్టుకోవడానికీ, కలప తెచ్చుకోవడానికీ గిరిజనుడు అనుమతి అడగవలసి వచ్చింది.

ఈ రెండు సంవత్సరాల మధ్యనే, 1881 డిసెంబరు 11న, వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. పురోహితులు వెలివేశారు, బంధువులు ముఖం చాటేశారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశాడు, విద్యార్థులు అండగా నిలిచారు. వీరేశలింగం వలసపాలన శ్రేయస్సును నమ్మాడన్నమాట నిజమే. అందుచేత ఆయనను తోసివేయడం సులభం. కాని సొంత కులంతో, సొంత వీధితో, సొంత ఇంటి భోజనపంక్తితో తగవు పెట్టుకోవడం ఎంత కష్టమో నేటికీ మనకు తెలుసు. ఆయన పరిమితి ధైర్యం లేకపోవడం కాదు. ఆయన చూపు పట్టణపు మధ్యతరగతి గడప దాటి కొండలదాకా పోలేదు. అదే జిల్లాలో రగిలిన రంపకూ, ఆ పెళ్ళిపందిరికీ నడుమ దారి లేకపోయింది.

1907లో బిపిన్ చంద్రపాల్ ఈ ఊరు వచ్చినప్పుడు చిలకమర్తి ఆయన ఉపన్యాసాన్ని తెలుగు చేశాడు. వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నందుకు విద్యార్థులమీద చర్యలు తీసుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును చదువునుంచే వెళ్ళగొట్టారు. ఈ ఊరు తన నిద్రనుంచి లేచిన ఘట్టాలు చూడండి: 1881లోనైనా, 1907లోనైనా విద్యార్థులు ముందుకు వచ్చినప్పుడే లేచింది.

1922 విషయం మరింత ఆలోచించదగ్గది. రాజరాజు పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంలో ఈ ఊరి చరిత్ర పరిశోధకులు ఒక విలువైన సంచిక వెలువరించారు. వారి కృషికి మనం ఋణపడి ఉన్నాం. ఆ సంవత్సరం ఆగస్టులోనే అల్లూరి సీతారామరాజు గిరిజనులతో కలిసి చింతపల్లి పోలీసు స్టేషనుమీద పడ్డాడు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల వంతు వచ్చింది. ఒడ్డున చరిత్ర అచ్చవుతున్నది, కొండల్లో చరిత్ర జరుగుతున్నది.

ఆ అచ్చుకు కావలసిన కాగితం కూడా త్వరలోనే ఇక్కడ తయారు కాసాగింది. 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్లుగా ప్రారంభమైన కర్మాగారం చేతులు మారుతూ, 2011లో అమెరికా కంపెనీకీ, 2019లో మళ్ళీ స్వదేశీ యాజమాన్యానికీ దక్కింది. దానికి దశాబ్దాలపాటు ముడిసరుకు కొండల వెదురు. ఆ కాగితంమీద మన పాఠాలు అచ్చయ్యాయి. వెదురు నరికినవాడి పిల్లలకు మాత్రం బడి ఆలస్యంగా వచ్చింది, చాలాచోట్ల రానేలేదు.

నా ఊరిని నిందించడం నా ఉద్దేశం కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు, కులం అడగకుండా ఇళ్ళ తలుపులు తీసిన జనం ఇక్కడివారే. 2015 జూలై 14న పుష్కరాల తొలిరోజు తొక్కిసలాటలో 27 మంది మరణించినప్పుడు, మోసుకుపోయి నీళ్ళు పోసినవారూ ఇక్కడి సామాన్యులే. మంచితనం కరువు కాలేదు. కరువైనది ఎగువవైపు చూసే అలవాటు.

ఇప్పుడు ఆ అలవాటు లేకపోతే సాగదు. పోలవరం దగ్గర కడుతున్న ఆనకట్టవల్ల, సర్కారు లెక్కల ప్రకారమే, లక్ష కుటుంబాలకు అటూ ఇటూగా ఇళ్ళూ భూములూ కోల్పోతాయి. వారిలో గిరిజనులే ఎక్కువ. నీళ్ళు అక్కరలేదని నేననను. 1852 ఆనకట్ట అన్నం పెట్టిన జిల్లాలో పుట్టి అలా అనే హక్కు నాకు లేదు. కాని ఎవరి నీళ్ళకు ఎవరి ఊళ్ళు మునగాలి, మునిగినవారికి పరిహారం ముందా, గేట్లు ముందా అన్న ప్రశ్నలు ఈ ఊరి సభల్లో ఎంత తక్కువగా వినిపిస్తున్నాయో నాకు తెలుసు. ఆ సభల్లో నేనూ కూర్చున్నాను. నన్నయమీద మాట్లాడి ఇంటికి వచ్చాను.

నేను ఉద్యోగం విరమించే ఏడాది, ముంపు గ్రామంనుంచి పునరావాస కాలనీకి వచ్చిన ఒక కుర్రవాడు పాఠం అయిపోయాక లేచి, “మాస్టారూ, మా ఊరు ఈ పాఠంలో ఎక్కడుందండీ?” అని అడిగాడు. నేను పుస్తకం తిరగేశాను. లేదు.

ఆ జవాబు చెప్పవలసినవారు ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులు, విద్యార్థులు. సెలవుల్లో కాలనీలకు వెళ్ళండి. ఊరి పేరు, ఇంటి పేరు, దున్నిన చెక్క ఎంత, ఇచ్చినదెంత, ఇవ్వనిదెంత, దేవత గుడి ఎక్కడుండేది, చింతచెట్టు ఎవరిది, అన్నీ రాసుకోండి. ముసలివాళ్ళుండగానే రాసుకోండి. మా తండ్రి ఖాతాలో లేని గడి మన ఖాతాలోనైనా ఉండాలి. రాజమహేంద్రవరం చరిత్ర అప్పుడు సగంనుంచి పూర్తి కావడం మొదలవుతుంది.